గీతలు పడ్డ పాత సబ్‌మరీనర్‌కు అంత విలువ ఎందుకు?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. పన్నెండేళ్లు ఉద్యోగం చేశాక మీకంటూ ఒక మంచి వాచీ కొనుక్కుందామనుకున్నారు. షోరూమ్‌లో కొత్త రోలెక్స్ సబ్‌మరీనర్ చూశారు, అది సముద్రంలో దిగే డైవర్ల కోసం పుట్టిన వాచీ, బాగా నచ్చింది. ఆ తర్వాత ఒక స్నేహితుడి చేతికి 1970ల నాటి సబ్‌మరీనర్ కనిపించింది, రిఫరెన్స్ నంబర్, అంటే మోడల్ నంబర్, 5513. బెజెల్, అంటే గ్లాసు చుట్టూ తిరిగే చట్రం, వెలిసిపోయింది, డయల్ మీద చుక్కలు పసుపెక్కాయి, గ్లాసు నిండా సన్నటి గీతలు, తేదీ కూడా చూపించదు. అయినా దాని ధర కొత్తదానికి ఏమాత్రం తీసిపోదని తెలిసి ఆశ్చర్యపోయారు. "నేను సముద్రంలో దిగేవాణ్ని కాదు. ఈత కూడా అంతంతమాత్రం. కలెక్టర్లు ఇందులో ఏం చూస్తున్నారు? నేను ఏది కొనాలి?" అన్నారు.

నేను రాజమండ్రిలో వాచీలు బాగుచేసే ఇంట్లో పెరిగాను. నాన్నగారి బల్ల మీదకు ఎక్కువగా వచ్చేవి హెచ్ఎంటీలు, గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు తెచ్చుకున్న సీకోలు, సిటిజన్లు. తర్వాత దుబాయ్‌లో పద్దెనిమిదేళ్లు సర్వీసింగ్ పని చేశాను. ఆ కాలంలో చాలా 5513లను విప్పి, కడిగి, ఆయిలింగ్ చేసి మళ్లీ బిగించాను. ఒకటి నా దగ్గరే ఉంది. ఆ అనుభవంతో చెబుతున్నాను.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. 5513ను రోలెక్స్ 1962లో మొదలుపెట్టి 1980ల చివరి దాకా, పాతికేళ్లకు పైగా, రూపం పెద్దగా మార్చకుండా చేసింది. రెండడుగుల దూరం నుంచి చూస్తే అన్నీ ఒకటే. కంటికి భూతద్దం పెట్టుకుని చూస్తే ఏ రెండూ ఒకలా ఉండవు. ఫ్యాక్టరీ నుంచి కవల పిల్లల్లా వచ్చినవాటిని ఎండ, ఉప్పునీరు, పెట్టుకున్న మనిషి అలవాట్లు వేటికవే మార్చేశాయి. ఆ మార్పును ఇప్పుడు ఎంత డబ్బు పోసినా మళ్లీ తయారు చేయలేరు. కలెక్టర్ డబ్బు పెట్టేది దానికోసమే. అయితే ఆ మార్పుకు అంత విలువ ఎందుకొచ్చిందో తెలియాలంటే, ఆ వాచీ ఏ పని కోసం పుట్టిందో ముందు తెలియాలి.

1943లో ఫ్రాన్స్‌లో జాక్ కుస్తో, ఎమిల్ గన్యాన్ కలిసి ఆక్వాలంగ్ అనే, నీళ్లలో గాలి అందించే పరికరం తయారుచేశారు. అంతకుముందు లోతుకు దిగే మనిషికి గాలి సాధారణంగా పైనున్న పడవలోంచి గొట్టం ద్వారా అందేది. ఎంతసేపైందో పైనున్నవాళ్లే చూసి, తాడు లాగి చెప్పేవాళ్లు. గాలి సిలిండర్ వీపు మీదకు వచ్చాక డైవర్‌కు స్వేచ్ఛ వచ్చింది. దాంతోపాటు టైము చూసుకునే భారం కూడా అతని మణికట్టు మీదకే వచ్చింది.

1953లో ఈ అవసరానికి రెండు జవాబులు దాదాపు ఒకేసారి పుట్టాయి. బ్లాంక్‌పాన్ అనే స్విస్ వాచీల కంపెనీని నడుపుతున్న జాన్ జాక్ ఫిష్టర్ స్వయంగా డైవర్. అదే సమయంలో ఫ్రెంచ్ నౌకాదళపు యుద్ధ ఈతగాళ్ల దళానికి చెందిన రాబర్ట్ మలూబియే, క్లోద్ రిఫో తమ మనుషులకు సరిపోయే వాచీ కోసం వెతుకుతున్నారు. అలా వచ్చింది ఫిఫ్టీ ఫాదమ్స్. 50 ఫాదమ్‌లంటే సుమారు 91 మీటర్లు. రోలెక్స్ తన సబ్‌మరీనర్‌ను 1953లో రూపొందించి, 1954లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ వాచీల ప్రదర్శనలో జనం ముందు పెట్టింది. దాని తొలి మోడళ్లలో ఒకటైన 6204 తట్టుకునే లోతు లెక్క 100 మీటర్లు. ఏది ముందు అని కలెక్టర్లు ఇప్పటికీ వాదించుకుంటారు. నా వరకు, బ్లాంక్‌పాన్‌కు దక్కాల్సిన గౌరవం ఈమధ్యే సరిగా దక్కుతోంది. ఏమైనా నల్ల డయల్, చీకట్లో వెలిగే పెద్ద గుర్తులు, చుట్టూ తిరిగే బెజెల్ అనే రూపం అప్పుడే స్థిరపడిపోయింది. ఇవాళ ఏ కంపెనీ డైవ్ వాచీ తీసుకున్నా ఆ పోలికే ఉంటుంది.

ఇక ఆ బెజెల్ సంగతి. ఈ వాచీకి ప్రాణం అదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. నీళ్లలో ప్రతి 10 మీటర్లకు గాలి పీడనమంత ఒత్తిడి ఒకటి అదనంగా మీద పడుతుంది. ఆ ఒత్తిడిలో పీల్చే గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో కరిగిపోతుంది. గోలీ సోడా గుర్తు తెచ్చుకోండి. గోలీ నొక్కకముందు సీసాలో ఒక్క బుడగ కనపడదు. నొక్కగానే ఒత్తిడి తగ్గి బుసబుసా పొంగుతుంది. ఎక్కువసేపు లోతులో ఉన్న డైవర్ ఒక్కసారిగా పైకి వచ్చేస్తే ఒంట్లో జరిగేది అదే. కీళ్ల నొప్పులతో మొదలై పక్షవాతం, ప్రాణం మీదకు రావడం దాకా వెళ్లవచ్చు. అందుకే ఎంత లోతులో ఎన్ని నిమిషాలు ఉండవచ్చో పట్టికలు వేశారు. అమెరికా నౌకాదళం పాత పట్టికల్లో 60 అడుగుల లోతుకు 60 నిమిషాలు, 100 అడుగులకు 25 నిమిషాలు. ఆ లోపు పైకి బయలుదేరితే మధ్యలో ఆగాల్సిన పని లేదు. దాటితే మజిలీలు చేస్తూ రావాలి. ఆ మజిలీలకు సరిపడా గాలి సిలిండర్‌లో మిగిలి ఉండాలి.

డైవర్ దిగేముందు బెజెల్ మీదున్న త్రికోణాన్ని నిమిషాల ముల్లుకు ఎదురుగా తెచ్చి పెట్టుకుంటాడు. ఆ తర్వాత లెక్కలు, కూడికలు అక్కర్లేదు. ముల్లు బెజెల్ మీద ఏ అంకెకు ఎదురుగా ఉంటే అన్ని నిమిషాలైనట్టు. చలికి వేళ్లు బిగుసుకుపోయి, మసక నీళ్లలో, మనసు మొద్దుబారిన స్థితిలో కూడా ఒక్క చూపుతో తెలిసిపోవాలి. నిమిషాల ముల్లు పొడుగ్గా, వెడల్పుగా ఉండేది అందుకే. గంటల ముల్లు చివర గుండ్రంగా ఉంటుంది కాబట్టి రెండూ కలగలిసిపోవు. 12 దగ్గర త్రికోణం, 3, 6, 9 దగ్గర పట్టీలు, మిగతా చోట్ల చుక్కలు. చీకట్లో వాచీ ఎటు తిరిగి ఉన్నా ఏది పైవైపో తెలియడానికి ఆ తేడా. డయల్ మీద అలంకారం కోసం పెట్టింది ఏదీ లేదు. ఇంత అందంగా ఎందుకు కనిపిస్తుందంటే, నా ఉద్దేశంలో కారణం అదే. మన నాగలిని, సానబట్టిన కొడవలిని చూసినప్పుడు కలిగే తృప్తి ఇక్కడా కలుగుతుంది.

ఒక చిన్న సంగతి. 5513 బెజెల్ రెండు వైపులా తిరుగుతుంది, టిక్కు టిక్కుమనే మెట్లు ఉండవు. పొరపాటున దేనికైనా తగిలి తప్పు వైపు తిరిగితే గడిచిన నిమిషాలు తక్కువ చూపించే ప్రమాదం ఉంది. ఒకవైపే తిరిగే బెజెల్ సబ్‌మరీనర్‌కు 1980 ప్రాంతంలో 16800 అనే మోడల్‌తో వచ్చింది. అప్పుడు తగిలినా గడిచిన టైము ఎక్కువే చూపిస్తుంది. డైవర్ తొందరగా పైకి వస్తాడు, ప్రాణానికి ముప్పు లేదు. సులభంగా గీతలు పడని సఫైర్ గ్లాసు, 300 మీటర్ల లెక్క కూడా ఆ 16800తోనే వచ్చాయి.

నీళ్లు లోపలికి పోకుండా ఆపే కిటుకు మాత్రం సబ్‌మరీనర్ కంటే పాతది. రోలెక్స్ 1926లో ఆయిస్టర్ కేసు తెచ్చింది. వెనక మూత, కీ ఇచ్చే క్రౌన్ రెండూ స్క్రూలా తిరిగి బిగుసుకుంటాయి. 1927లో మెర్సిడీస్ గ్లైట్జ్ అనే ఆమె ఇంగ్లిష్ ఛానల్ ఈదడానికి దిగినప్పుడు మెడలో ఒక ఆయిస్టర్ ఉంది. పది గంటలకు పైగా చల్లటి నీళ్లలో ఉన్నా అది ఆగలేదు. కంపెనీ స్థాపకుడు హాన్స్ విల్స్‌డార్ఫ్ ఆ సంగతిని డైలీ మెయిల్ పత్రిక మొదటి పేజీలో ప్రకటనగా వేయించాడు. నేను వందల వాచీలు విప్పాను కాబట్టి చెబుతున్నాను, పాత వాచీల్లో మిషన్‌ను చంపేది అరుగుదల కంటే చెమట, తేమ ఎక్కువ. గోదావరి జిల్లా వానాకాలంలో హెచ్ఎంటీల డయల్ కింద తుప్పు చూసి నాన్నగారు నిట్టూర్చడం నాకింకా గుర్తే. మూత సరిగా బిగుసుకున్న ఆయిస్టర్‌ను యాభై ఏళ్ల తర్వాత విప్పినా లోపల ఇత్తడి పలకలు మెరుస్తూ కనిపిస్తాయి. మొదటిసారి అది చూసినప్పుడు ఆ కంపెనీ మీద నాకు నిజమైన గౌరవం పుట్టింది.

ఇప్పుడు మీ స్నేహితుడి 5513కు వద్దాం.

కేసు 40 మిల్లీమీటర్లు, చైన్ బిగించే లగ్స్ మధ్య 20. 200 మీటర్ల లెక్క. లోపల మొదట్లో 1530, తర్వాత ఎక్కువ కాలం 1520 మిషన్. దీనికి అన్నలాంటిది 5512, అది 1959లో వచ్చింది. చాలా 5512ల మిషన్‌కు క్రోనోమీటర్ సర్టిఫికెట్, అంటే టైము కచ్చితంగా చూపిస్తుందని పరీక్షించి ఇచ్చిన పత్రం, ఉంటుంది, అందుకని 6 గంటల గుర్తుకు పైన నాలుగు వరుసల రాత ఉంటుంది. 5513కు ఆ సర్టిఫికెట్ లేదు కాబట్టి రెండే వరుసలు: పేరు, లోతు. సర్టిఫికెట్ లేనిదాన్ని ఎక్కువమంది ఎందుకు ప్రేమిస్తారని నన్ను అడిగినవాళ్లున్నారు. ఆ ఖాళీ డయల్‌ను ఒక్కసారి చూడమంటాను. నల్లటి నేల మీద రెండు వరుసల రాత, చుట్టూ వెలుగు చుక్కలు, అంతే.

పాతికేళ్లలో ఆ డయల్ ఎలా మారిందో తెలిస్తే, వాచీ పెట్టె నుంచి తీయకుండానే దాని వయసు చెప్పవచ్చు. 1960ల మధ్య దాకా డయల్ నల్లగా, అద్దంలా మెరుస్తుంది, రాత బంగారు రంగులో ఉంటుంది. దీన్ని గిల్ట్ డయల్ అంటారు. అందులో అక్షరాలు పైన రంగుతో అచ్చేసినవి కావు. అక్షరాలు ఉన్న చోట నలుపు ఎక్కనివ్వకుండా చేస్తే, కింది ఇత్తడి పలకే అక్షరంలా బయటకు కనపడుతుంది. సూర్యకాంతిలో వాలుగా పట్టుకుంటే అక్షరాలు లోపలి నుంచి వెలుగుతున్నట్టుంటాయి. 1966, 67 ప్రాంతంలో మెరుపు లేని మ్యాట్ నలుపు, దాని మీద తెల్ల రాత వచ్చాయి. మొదటి మ్యాట్ డయల్స్‌లో లోతును "200 మీటర్లు" అని ముందు, అడుగులు తర్వాత వేశారు. 1970 ప్రాంతానికి "660 అడుగులు" ముందుకు వచ్చింది. కలెక్టర్లు మీటర్స్ ఫస్ట్, ఫీట్ ఫస్ట్ అని మాట్లాడుకునేది దీని గురించే. 1970ల చివర్లో వెలుగు చుక్కలు పెద్దవయ్యాయి, వాటిని మ్యాక్సీ డయల్ అంటారు. 1980ల మధ్యలో మళ్లీ మెరుపు డయల్ వచ్చి, చుక్కల చుట్టూ తెల్ల బంగారం చట్రం చేరింది. ఈ చివరి రకం డయల్స్ కొన్నింటి పైపూత సాలెగూడులా పగిలింది. కొందరు వాటిని కావాలనే వెతుక్కుంటారు, నాకు మాత్రం ఆ రుచి పట్టలేదు.

ఇదంతా చాదస్తంలా అనిపించవచ్చు. కానీ నెమలి కంటె దగ్గర నుంచి కాసుల పేరు దాకా నగ చూడగానే ఏ కాలం పనో చెప్పగలిగే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఉండేవారు కదా. పట్టుచీర అంచు చూసి ఏ ఊరి నేతో చెప్పేవారు. ఇదీ అలాంటి చూపే.

ఇక పసుపెక్కిన చుక్కలు. 1960ల తొలి ఏళ్ల దాకా చీకట్లో వెలుగు కోసం రేడియం వాడేవాళ్లు. అది రేడియోధార్మిక పదార్థం, దాని అర్ధాయువు, అంటే సగానికి తగ్గేందుకు పట్టే కాలం, సుమారు 1600 ఏళ్లు, ప్రమాదకరం. తర్వాత ట్రిటియం అనే మరో రేడియోధార్మిక పదార్థం వచ్చింది, 1998 ప్రాంతం దాకా కొనసాగింది. ట్రిటియం ఉన్న డయల్‌కు 6 కింద చివర "స్విస్" పక్కన ఇంగ్లిష్ టీ అక్షరం, 25 అంకె ఉంటాయి. అందులో ట్రిటియం 25 మిల్లీక్యూరీల (రేడియోధార్మికతను కొలిచే లెక్క) కంటే తక్కువని అర్థం. దీని అర్ధాయువు 12.3 ఏళ్లు. అంటే యాభై ఏళ్లు దాటేసరికి మొదట్లో ఉన్నదాంట్లో పదహారో వంతు కూడా మిగలదు. దాంతో కలిపిన మెరుపు పదార్థం కూడా ఈ లోపు అలిసిపోతుంది. చుక్క వెలగడం మానేసి రంగు మారుతుంది. తెలుపు కాస్తా మీగడ రంగు, తర్వాత పసుపు, ఒక్కోసారి గుమ్మడిపండు రంగు. తేమ ఎక్కువున్న చోట పెరిగిన వాచీకి ఒక రంగు, పొడి దేశంలో బీరువాలో ఉన్నదానికి ఇంకో రంగు. అన్ని చుక్కలూ, ముళ్లూ ఒకే రంగుకు మారి ఉంటే ఆ డయల్, ఆ ముళ్లు పుట్టినప్పటి నుంచి కలిసే ఉన్నాయని నమ్మకం కుదురుతుంది.

బెజెల్ మీద నల్ల పట్టీ అల్యూమినియం, దానికి రంగు పట్టించి ఉంటుంది. ఎండకు, ఉప్పునీటికి అది బూడిద రంగుకో, కొన్నిసార్లు పొగలాంటి నీలానికో తిరుగుతుంది. నా వాచీ 1968 నాటి మీటర్స్ ఫస్ట్. అంతకుముందు దాన్ని పెట్టుకున్నాయన ఇరవై ఏళ్లు సముద్రంలో చమురు రిగ్గుల మీద పనిచేసిన ఇంజినీరు. దాని బెజెల్ 15 ఉన్న వైపు బాగా వెలిసింది, 45 ఉన్న వైపు ఇంకా నల్లగానే ఉంది. చాలా రోజులు కారణం అర్థం కాలేదు. ఒకరోజు పొడుగు చేతుల చొక్కా వేసుకుని ఎండలో నిలబడ్డప్పుడు తెలిసింది. ఎడమ చేతికి పెట్టుకుంటే చొక్కా చేయి జారి కప్పేది ఆ 45 వైపునే. బయటకు కనపడే సగం ఎండకు వెలిసింది. ఆ మనిషి బెజెల్‌ను ఎప్పుడూ త్రికోణం 12 దగ్గరే ఉంచి, పొడుగు చేతుల చొక్కాలో పనిచేశాడు. ఆయన బతుకు ఆ అల్యూమినియం ముక్క మీద అలా అచ్చయిపోయింది. మీ ప్రశ్నకు నా దగ్గరున్న అసలు జవాబు ఆ బెజెలే.

ఇక్కడే నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. దుబాయ్‌లో చేరిన కొత్తలో, నేను పనిచేసిన చోట సర్వీసింగ్ అంటే పాలిష్ కూడా అందులో భాగమే. ఒక పెద్దాయన తన 5513 ఇచ్చాడు. మిషన్ శుభ్రం చేసి, వాషర్లు మార్చి, కేసును చక్రం మీద పెట్టి అద్దంలా మెరిపించాను. గీత అన్నది లేకుండా చేశానని సంతోషంగా చేతికిచ్చాను. ఆయన బొటనవేలితో లగ్స్ మీద తడిమి, "అంచులు ఏవి?" అన్నాడు. ఫ్యాక్టరీలో లగ్ పైభాగానికీ పక్కభాగానికీ మధ్య సన్నగా చెక్కిన వాలు ఉంటుంది. నేను గీతలతోపాటు దాన్ని కూడా అరగదీసేశాను. క్రౌన్‌కు రెండు పక్కలా ఉండే రక్షణ కొమ్ములు సన్నబడ్డాయి. ఇనుము పోయాక తిరిగి రాదు. ఆయన తిట్టలేదు, డబ్బిచ్చి వెళ్లిపోయాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మన పెంపకంలో పాతదాన్ని తోమి మెరిపించడమే దాన్ని గౌరవించడం. పండగొస్తే ఇత్తడి బిందెలు, రాగి చెంబులు చింతపండు పెట్టి తోముతాం. అది మంచి అలవాటే, బిందెకు. వాచీ విషయంలో ఆ చేతిని ఆపుకోవాలి. మన దేశంలో పాత హెచ్ఎంటీలకు కూడా ఇదే జరిగింది. ఎన్నో అసలు డయల్స్‌ను చెరిపేసి, రంగురంగుల కొత్త అచ్చులేసి అమ్ముతున్నారు. చూడ్డానికి కొత్తగా ఉంటాయి, కానీ ఆ వాచీ కథ అందులో ఉండదు. 5513కు కూడా సర్వీస్‌లో కొత్త డయల్, కొత్త ముళ్లు వేయించుకున్నవాళ్లు వేలమంది. పెట్టుకుని తిరగడానికి అది మంచిదే, చీకట్లో వెలుగుతుంది. కానీ కలెక్టర్ దాన్ని చూసే పద్ధతి మారిపోతుంది, ధర కూడా బాగా పడిపోతుంది. పాత భాగాలు మార్చినప్పుడు వాటిని తిరిగి అడిగి తీసుకుని దాచుకోమని నేను అందరికీ చెబుతాను.

సైన్యం, డైవింగ్ కంపెనీల కోసం చేసిన 5513ల గురించి మీరు వినే ఉంటారు. 1970లలో బ్రిటిష్ నౌకాదళానికి ఇచ్చినవాటికి కత్తిలాంటి వెడల్పు ముళ్లు, 60 నిమిషాలూ గీతలున్న బెజెల్, డయల్ మీద వలయంలో టీ అక్షరం, ఊడిరాకుండా అతికించిన లగ్ కడ్డీలు ఉంటాయి. ఫ్రాన్స్‌లో మార్సెయ్ కేంద్రంగా సముద్రగర్భంలో పనిచేసే కోమెక్స్ కోసం 5513 కేసుకే హీలియం వాల్వు పెట్టి 5514 చేశారు. ఆ వాల్వు ఎందుకంటే, చాలా లోతుల్లో పనిచేసే డైవర్లు రోజుల తరబడి హీలియం కలిపిన గాలి ఉన్న గదుల్లో ఉంటారు. హీలియం అణువులు మరీ చిన్నవి, వాషర్లను దాటి వాచీ లోపలికి చేరతాయి. గదిలో ఒత్తిడి తగ్గించేటప్పుడు అవి బయటకు రాలేక గ్లాసును ఎగరగొట్టేవి. 1967లో వచ్చిన రోలెక్స్ సీ డ్వెల్లర్ వాచీ పుట్టింది కూడా ఈ అవసరంతోనే. ఇవి అద్భుతమైన వాచీలు, కానీ మొదటి పాత వాచీగా వీటి జోలికి వెళ్లకండి. ఎక్కువ నకిలీలు తయారయ్యేది ఈ రకాల్లోనే.

1983లో ఓర్కా ఎడ్జ్ అనే డైవ్ కంప్యూటర్ వచ్చింది. లోతును, టైమును కలిపి అదే లెక్కకట్టి చెప్పడం మొదలయ్యాక, బెజెల్ తిప్పే అవసరం క్రమంగా తగ్గిపోయింది. 5513 కూడా ఆ దశాబ్దం చివరికే ఆగింది. అంటే మనిషి ప్రాణం ఒక ముల్లు మీద, ఒక త్రికోణం మీద ఆధారపడిన కాలానికి అది చివరి సాక్షుల్లో ఒకటి. మీరు నీళ్లలో దిగుతారా లేదా అన్నది కలెక్టర్‌కు అడ్డం కాకపోవడానికి కారణం ఇదే.

ఇక ఏది కొనాలి. కొత్త సబ్‌మరీనర్ 124060 మీద నాకు చిన్నచూపు లేదు. 2020లో వచ్చింది, 41 మిల్లీమీటర్లు, 3230 మిషన్, ఒకసారి పూర్తిగా కీ నిండితే 70 గంటలు నడుస్తుంది. బెజెల్ సిరామిక్, వెలిసే ప్రశ్నే లేదు. రోజూ పెట్టుకుని, పిల్లలతో స్విమ్మింగ్ పూల్‌లో దిగి, వానలో తడిసి, ఏ టెన్షన్ లేకుండా ఉండాలంటే అదే తీసుకోండి. 5513 అలా కాదు. నీటి పరీక్ష చేయించకుండా చేతులు కడుక్కునేటప్పుడు కూడా జాగ్రత్త పడాలి. డయల్ మీద 200 మీటర్లని రాసి ఉన్నా, అది వాషర్లు కొత్తగా ఉన్నప్పటి మాట. ఒక్క సుఖం ఏమిటంటే, గ్లాసు ప్లాస్టిక్ రకం కాబట్టి మీకు కనిపించిన ఆ సన్నటి గీతలు పాలిష్ పేస్టుతో పది నిమిషాల్లో పోతాయి. పాలిష్ చేయదగ్గ భాగం ఆ వాచీలో అదొక్కటే.

మీ మాటలను బట్టి చూస్తే మనసు 5513 మీద పడింది కానీ భయం ఉంది. అలాంటివాళ్లకు నేను చెప్పేది 14060 అనే సబ్‌మరీనర్. 1990 ప్రాంతం నుంచి 2012 దాకా వచ్చింది. తేదీ లేదు, 40 మిల్లీమీటర్లు, సఫైర్ గ్లాసు, 300 మీటర్లు, బెజెల్ మాత్రం పాత పద్ధతిలో అల్యూమినియమే. 1998కి ముందువైతే చుక్కల్లో ట్రిటియం ఉంటుంది, ఇప్పటికే మీగడ రంగుకు తిరుగుతున్నాయి. ఇకముందు ఆ బెజెల్ వెలిస్తే అది మీ చేతి మీద వెలుస్తుంది. ఇంత డబ్బు పెట్టలేమనుకునేవాళ్లకు అప్పట్లో రోలెక్స్ కేసులే వాడుకున్న పాత ట్యూడర్ సబ్‌మరీనర్లు ఉన్నాయి, ఫ్రెంచ్ నౌకాదళం ఏళ్ల తరబడి వాడింది. అయితే వాటి ధరలు కూడా బాగా పెరిగాయి. సీకో 1965లో తెచ్చిన 62 మాస్ జపాన్ తొలి డైవ్ వాచీ, దానిమీద నాకు ప్రత్యేకమైన ఇష్టం.

ధర పెరుగుతుందన్న ఆశతో మాత్రం కొనకండి. ఈ బజారు పైకి వెళ్లడం చూశాను, కిందికి జారడమూ చూశాను.

5513నే తీసుకుంటానంటే ఈ పనులు చేయండి. చైన్ విప్పించి, 12 వైపు లగ్స్ మధ్య రిఫరెన్స్ నంబర్, 6 వైపు సీరియల్ నంబర్ చూడండి. అంకెలు పదునుగా ఉండాలి, అరిగిపోయి ఉంటే కేసును ఎక్కువసార్లు పాలిష్ చేశారని అర్థం. వెనక మూత మీ కళ్లముందే తీయించండి. 1960లలో చేసిన చాలావాటికి మూత లోపల ఏ ఏడాదిలో ఏ మూడు నెలల్లో చేశారో గుద్ది ఉంటుంది, అది సీరియల్ నంబర్ చెప్పే కాలానికి దగ్గరగా ఉండాలి. చీకటి గదిలో అల్ట్రావయొలెట్ టార్చి వేసి ఆపండి. పాత ట్రిటియం అయితే టార్చి ఆపిన కాసేపట్లోనే ఆరిపోతుంది. నిమిషాల తరబడి ఆకుపచ్చగా వెలుగుతూ ఉంటే దాని మీద కొత్త పదార్థం పూశారు. డయల్ చుక్కలు ఒకలా, ముళ్లు ఇంకోలా వెలిగితే కారణం అడగండి. చుక్కలను గోరుతో, సూదితో గీకనివ్వకండి, ముఖ్యంగా 1960ల మొదటివైతే. విదేశంలో కొని తెస్తే విమానాశ్రయంలో చెప్పి డ్యూటీ కట్టి, ఆ రసీదును వాచీ పెట్టెలోనే ఉంచండి.

వీటన్నిటికంటే ముందు, మీ స్నేహితుణ్ని అడిగి ఆ 5513ను ఒక వారం పెట్టుకోండి. ఒక ఆదివారం ఉదయం కిటికీ దగ్గర కూర్చుని, 6 కింది రాత, లోతు ముందు మీటర్లలో ఉందా అడుగుల్లోనా, బెజెల్ ఏ వైపు ఎక్కువ వెలిసిందో చూసి నాకు రాయండి. అది ఏ కాలానిదో, ఎలాంటి చేతి మీద తిరిగిందో నాకు తోచినంతవరకు చెబుతాను.